తోక కింది నలుపు

పెండ్లిళ్ల సీజను ఒడిసిన తెల్లారి
చమేలి మీదికెల్లి జరీ గుడ్డలు తీసేస్తం.
అద్దాలు, కుచ్చులు, నుదుటి మీది ఎర్ర తురాయి
అన్నీ సందూకలకు పోతయి.
మిగిలేది ఒట్టి గుర్రం.
అప్పుడే దాన్ని చదవాలె.

"కండ్లు మూసుకో" అనేటోడు మా గౌస్ మామ.
"కన్ను తెలుపును చూసి మోసపోతది.
చెయ్యి మోసపోదు."
కరీమాబాద్ల, రేకుల కొట్టంల, బల్బు ఆర్పేసి
మెడకెల్లి మొదలువెట్టి
వెంట్రుక వాలిన దిక్కుకోసారి, ఎదురోసారి
అరచేతులు నడిపించేటోడు.
ఇప్పుడాయన వేళ్లు వంకర తిరిగినయి.
చేతులు నావి, మాట ఆయనది.

ఈపు మీద, జీను కూసున్న కాడ
రేగ్గింజంత గట్టిది. ముట్టుకుంటే ఉలకదు.
అది పెండ్లికొడుకుల బరువు.
ఈ ఏడు ముప్పై రెండు మంది,
అండ్ల ఒకడు తాగి తలకిందులుగ ఎక్కిండు.
దానికి మందేముంది,
జీను కింద ఇంకో మెత్తటి బొంత,
కొన్నాళ్లు ఎవ్వర్నీ ఎక్కనియ్యకపోవుడు.

మెడ మీదియి వేరే.
రాత్రి వాన వడ్డది, జోరీగలు ముసిరినయి,
పొద్దుగాల చూస్తే చిన్న పూరీల లెక్క పొంగినయి.
పగటాల్లకు సగం లెవ్వు.
మాపటికి మెడ మళ్లా మెడనే.
వచ్చి పోయేటియాటికి పరేషాన్ కావద్దు.
మూతి వాచి, గాలి ఆడకపోతే మాత్రం
చెప్పులు గూడ తొడగకుంట ఉరుకాలె.

ఇగ చెవి ఎనుక పులిపిరి.
దాని పాపం నాదే.
అండర్‌బ్రిడ్జి కాడ నాడాలు కొట్టేటాయన చెప్పిండని
దాని తోక వెంట్రుకతోనే బిగిచ్చి కట్టిన.
రాలింది. చాయ్ తాగి సంబురపడ్డ.
రెండు నెలలకు అదే జాగల ఐదు మొలిచినయి.
"గెలికితే కోపానికొస్తయమ్మా ఇవి"
అన్నది హన్మకొండ పశువుల దవాఖాన్ల డాక్టరమ్మ.
తిట్టలే. తిడితే బాగుండేది.

ఆఖరుకు తోక ఎత్తిన.

మూడు.
నున్నగ, నల్లగ,
ఎండకు మిగలవండిన అల్లనేరేళ్ల లెక్క.

"పుట్టినప్పుడు ఏం రంగు?" అని అడిగింది డాక్టరమ్మ.
బొగ్గు.
నాకు యాదికుంది, తల్లి కడుపు కింద
చీకటి ముక్క నిలవడ్డట్టు నిలవడ్డది.
ఏడాదికింత బూడిదై, ఏడాదికింత పాలై
ఎనిమిదేండ్లకు పెండ్లిళ్లకు పనికొచ్చింది.
"తెల్లవడ్డ గుర్రాలకు ఎక్కువొస్తయి" అన్నది.
వెంట్రుకలిడిచిన నలుపు ఎటూ పోలేదన్నట్టు.
లోపల్నే తిరిగి తిరిగి
ఎవ్వరు చూడని జాగల కూసున్నది.

కొయ్యుడు కాదు, కాల్చుడు కాదు, సున్నం పసుపు కాదు.
కడిగి, ఆరవెట్టి, ఈగలను వాలనియ్యకుండుడు.
నెలకోసారి కొలిచి రాసుడు.
పగిలి నల్ల రసం కారినా, పెండ వెయ్య తిప్పలువడ్డా
ఆ దినమే తోలుకరమ్మన్నది.

నా తాన నోటుబుక్కు లేదు.
పెండ్లి కార్డులున్నయి, ఎనుక భాగం ఖాళీ.
వరుని పేరు, ముహూర్తం, విందు ఒక దిక్కు,
ఇంకో దిక్కు నా రాత:
ఒకటి శనగ, ఒకటి మక్కగింజ, ఒకటి చింతగింజ.

బ్యాండు సేటు ఓదెలు వచ్చి చూసి ముక్కు మూసుకున్నడు.
"అంటుకుంటదా? పిల్లోల్ల దిక్కోల్లు చూస్తే?
తోక కట్టెయ్యి, లేకుంటే తెల్ల రంగెయ్యి."
ఎవ్వరికీ అంటదని చెప్పిన.
తోక కట్టెయ్య.
ఈగను కొట్టుకునుడు దాని హక్కు అన్న.
రెండు బారాత్‌లు పోయినయి. పోనీ.

రాత్రి మంచంలకెల్లి మామ అడుగుతడు,
"నడిమిది ఎంతున్నదే, రజియా?"
"మక్కగింజంతనే, మామా."
"పోయిన నెల?"
"అంతనే."
అటు మల్లి పంటడు.

కార్డు ఎనుక చింతగింజ అని రాసిన.
దీపం ముట్టియ్యకుంటనే కొట్టంలకు పోయి
చమేలి మెడ మీద చెయ్యేస్తే
యాడనో ములుగు రోడ్డు దిక్కు డప్పు మోగుతున్నది.
దాని చెవులు అటే.
కాలు ఒక్కటి మెల్లగ లేపింది,
లెక్క తప్పకుంట.