అడ్డగీత

వూచ్ నగరంలో, ట్రాము మలుపు దగ్గర
ఊరగాయల కొట్టు పెడుతోంది వూత్స్యా.
బోర్డుకి అక్షరాలు తనే ఎంచుకుంది:
బొద్దుగా, వాలుగా, ఒళ్ళు విరుచుకుంటున్న కుంచె రాత,
తోక చివర వెంట్రుకలు విడిపోయి.

"ఇంకా ఆరనే లేదనిపిస్తోంది!" అని మురిసింది.
సెవెరిన్ నవ్వలేదు. వాడికి తెలుసు,
రెండు 'అ'లు పక్కపక్కన పెడితే
రెండిట్లోనూ ఒకే చోట కుంచె ఎండిపోతుంది,
కవలలకి ఒకే మోకాలు దోక్కుపోయినట్టు.

అసలు చిక్కు అది కాదు.
ఎక్కడో ఎండ కాసే దేశంలో గీసిన ఆ ఫాంటులో
'ల' ఉంది, దాని మీది అడ్డగీత లేదు.
గీత పడితేనే ఇక్కడ అది 'వ'.
"ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.
"లూత్స్యా ఎవరో మరి, డబ్బు ఆవిణ్ణే అడుగు."

ఊరి పేరుకీ అదే గీత.
ఆ పేరుకి అర్థం పడవ.
తెడ్డు తీసేసి పడవంటే ఎవరెక్కుతారు?

మూడు రోజులు మౌస్‌తో కుస్తీ పట్టాడు.
గీత మేకులా వచ్చింది, మీసంలా వచ్చింది,
కట్టు కట్టిన వేలులా వచ్చింది.

చివరికి బోర్డు బిగించాక నిచ్చెనెక్కి
కిటికీలకి వేసే కుంచెని ఎర్రరంగులో ముంచి
ఊపిరి బిగబట్టి
ఒక్క వేటు.

కాస్త ఎక్కువే వాలింది.
ఒక చుక్క జారి, చలికి సగంలో ఆగింది.
తుడవబోతే "ఉండనీ" అంది వూత్స్యా,
సోయికూర అంటిన చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ.

వారం తర్వాత వెనక తలుపు మీదా అదే పేరు.
ఈసారి గీత ఇంకోలా వచ్చింది.