ఇంకోటి

మూడున్నర పడవకి వెనక్కి వెళ్ళిపోవాలి.
సంచి సర్దేశాను: పాలసీసా, తడిసిన గౌను,
సగం కొరికిన బిస్కెట్టు, రెండే రెండు డైపర్లు.
స్కూటరు రంభ రేవులో చెట్టుకింద ఉంది.
బరంపురంలో పాలవాడికి కూడా చెప్పిరాలేదు,
పూటకోసం వచ్చినవాళ్ళం.

వకుళకి ఇరవై రెండు నెలలు.
దానికి నిన్న లేదు, రేపు లేదు.
ఉన్నవి మూడు మాటలు: అమ్మ, కాకి, ఇంకోటి.
చిలికలో వాలిన ప్రతి కొంగా కాకే.
సైబీరియా నుంచి వచ్చిన బాతయినా సరే.

ఒడ్డున బొరియలోంచి పీత తొంగి చూసి లోపలికి పోయింది.
"ఇంకోటి" అంది.
ఆ పీతే మళ్ళీ వచ్చింది.
"ఇంకోటి" అంది, కొత్తదాన్ని చూసినట్టు.
ఒకటేనే తల్లీ అని చెప్పబోయి
ఎందుకో ఊరుకున్నాను.

బైధర బెహరా మోటారు తాడు లాగాడు.
శశిధర్ ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్ళలో.
దీన్ని కన్నరోజే ఒక గడియారాన్ని కూడా కన్నాను నేను:
పాలకింత, నిద్రకింత, టీకాకింత.
ఆ గడియారం మొట్టమొదటిసారి మర్చిపోయి
"రేపెళ్దాం" అనేశాను.

ఎందుకని అడగలేదు శశిధర్.
"డైపర్లో?" అన్నాడు.

బెహరా నవ్వి ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగించాడు:
"రొహిజాఅ, ఒక్క రాత్రికి లంకేం మునిగిపోదు."

ముప్ఫై గడపల ఊరు. కుంజలత ఇంట్లో చాప.
ఆవిడ పాత నూలుచీర తెచ్చి
పళ్ళతో కొరికి పర్రున చింపింది. ఎనిమిది ముక్కలు.
ఉప్పునీళ్ళలో ఉతికి వలమీద ఆరేస్తే
అప్పడాల్లా బిగుసుకున్నాయి.
ఇంట్లో ముద్దకో కథ చెప్పించుకునే పిల్ల
ఆవిడ కంచంలో చెయ్యి పెట్టి
చద్దన్నం, కాల్చిన ఎండురొయ్య తిని
వేళ్ళు నాక్కుంది. ఇంకోటి.

సిగ్నలు గుట్టమీద బండ దగ్గరే దొరుకుతుంది.
శశిధర్ ఎక్కి బాంకు మేనేజరుతో
"పాపకి జ్వరం సార్" అని దిగొచ్చాడు.
ఆ రాత్రంతా ఇద్దరం వంతులవారీగా
దాని నుదురు ముట్టి చూశాం,
అబద్ధం ఎక్కడ నిజమైపోతుందోనని.
చల్లగా ఉంది. తలుపులోంచి చూస్తే
నీళ్ళమీద వేటవాళ్ళ లాంతర్లు,
ఏది కదులుతోందో ఏది ఆగిందో తెలియకుండా.
మేమిద్దరం మాట్లాడుకున్నాం.
కరెంటు బిల్లు గురించి కాదు, క్రెష్ గురించి కాదు.
ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తులేదు,
తెల్లారిందని కోడి చెప్పేదాకా మాట్లాడుకున్నాం.

రెండోరోజు మూడున్నరకి పడవ వచ్చింది.
ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.
సంచి సర్దనే లేదు.
బెహరా రేవునుంచి పాలపొట్లాలు తెచ్చాడు,
అడక్కుండానే, రెండు రోజులకి సరిపడా.

ఇదంతా అందంగానే లేదు, చెప్పాలి కదా.
దోమలు. ఈగలు.
మూడోరోజు పొద్దున పాప తొడలకి
ఉప్పుగుడ్డ ఒరిసి ఎర్రగా పొక్కింది.
ఏడ్చింది, కడిగితే ఏడ్చింది, ఎత్తుకుంటే ఏడ్చింది.
కుంజలత కొబ్బరినూనె రాసి
నా వైపు చూసిన చూపులో కోపం లేదు,
"చాలమ్మా ఇక" అని ఉంది.

పడవలో నా ఒళ్ళోనే నిద్రపోయింది వకుళ.
వదిలి వెళ్తున్నామని దానికి తెలీదు.
లంక చిన్నదై, గీతై, చివరికి
కంట్లో నలుసులా మిగిలితే
చూస్తున్నది మేమే, ఇద్దరు పెద్దవాళ్ళం,
ఇంకోటి అని అడగడానికి మొహమాటపడుతూ.

రంభలో స్కూటరు ఉంది.
సీటునిండా మూడు రోజుల కొంగల రెట్ట.
శశిధర్ తిట్టుకుంటూ తుడవబోయాడు.
నా భుజంమీద నిద్రలేచిన పిల్ల
ఆ తెల్లటి మరకలకేసి వేలు చూపించి
ఎంతో నమ్మకంగా అంది:

కాకి.