పాకం

ఐదు గాజు గొట్టాలిచ్చినారు నాకు,
దూది పొరల నడుమ, కోడిగుడ్ల మాదిరి.
"సబ్బు తగలనీకు" అనింది
తిరుపతి నుంచి వచ్చిన డాక్టరు శమంతకమణి.
సబ్బుతో కడిగిన గాజు అబద్ధం చెబుతుందంట.
పెనుమూరులో ఒక గొట్టం
బాగుండే మనిషి నెత్తుర్ని కూడా
విషం కింద జమకట్టిందంట.

నాలాంటి ఆశా వర్కరు చేతిలో
ఈ పరీక్ష నిలుస్తుందా, నిలవదా
అదీ వాళ్ల పరిశోధన.
అంటే పాముకాటునే కాదు,
నన్ను కూడా పరీక్ష చేస్తా ఉండారు.

మాఘంలో, గానుగ ఆడే రాత్రి,
చెరుకాకు కింద పొడపాము
చెంగల్రాయుడి మడమ పట్టింది.
108 వాళ్లు "ఐరాల దాటినాం" అన్నారు.
ఎప్పుడూ ఐరాలే దాటుంటారు వాళ్లు.
కాలు కదలకుండా
రెండు చెరుకు గడలే బద్దలుగా కట్టినా.
టార్చి ఎలుగులో కాయితం చదివినా:
"ఈ పరిశోధన వల్ల మీకు నేరుగా
ఏ ప్రయోజనమూ ఉండకపోవచ్చు."

పెనం కలబెట్టిన చెయ్యి తుడుచుకోకుండానే
అడిగింది దొరసానమ్మ.
"మరెవురికి?"
రేపు కాటు పడేవాళ్లకు.
"వాళ్లెవురో మనకు తెల్దు గదా."
తెల్దు.
"పోనీలే. మన బెల్లం తినేటోళ్లు మాత్రం
మనకు తెలుసునా?"
బొటనవేలు వేసింది.

నరం దొరికింది. నెత్తురు తీసి
గొట్టాన్ని రెండిటుకల సందున నిలబెట్టినా.
ఇరవై నిమిషాలు.
కదపకూడదు. వంచకూడదు.
"ఏం చూస్తావు దాంట్లో?"
గడ్డకట్టిందా లేదా అని.
"ఓ, పాకమా!
చన్నీళ్లలో చుక్కేస్తే ఉండగా నిలిచిందా, దించల్ల.
జారిందా, ఇంకా మంట పెట్టల్ల.
ఆత్రపడి కెలికితే చెడతాది."
తిరుపతిలో నాకు రెండు రోజులు నేర్పిన పాఠం
ఆమె ఒక్క ఊపిరిలో అప్పజెప్పేసింది.

పోయినేడు ఈ గొట్టాల్లేవు.
ఏ పామో, అసలు కరిచిందో లేదో అని
రేవణప్ప మంచం చుట్టూ తెల్లార్లూ వాదించుకున్నాం.
మధ్యాన్నానికి ఒంటేలు నిలిచిపోయింది.
ఆ మాటలన్నిట్లో నా మాటా ఉండాది.

ఇరవయ్యో నిమిషం.
ఒక్కసారి వంచినా.
చెరుకురసం మాదిరి జారింది.
చెంగల్రాయుడు నవ్వబోయినాడు,
పళ్ల సందున ఎరుపు.
"ఏమే, పెనం అడుగంటుతాది, చూడు."
చిత్తూరు ఆస్పత్రికి ఫోను చేసినా:
కట్టలేదు. మందు సిద్ధం పెట్టుకోండి.
బండి వచ్చింది, నిజంగానే ఐరాల దాటి.

ఆరు గంటల తర్వాత, వార్డులో, రెండో గొట్టం.
అడుగున తరకలు, పైన నీళ్లు.
ఫారంలో రెండే గళ్లు: కట్టింది, కట్టలేదు.
సగానికి గడి లేదు.
పెన్ను పట్టుకుని కూర్చున్నా శానాసేపు.
మూడో గొట్టం వంచితే
కదల్లేదు.
దొరసానమ్మ నాకంటే ముందే అనేసింది,
"దించేయొచ్చు."

గానుగలో ఆ పెనం మాడిపోయింది.
దాని నష్టం రాసేదానికీ గడి లేదు.

పది రోజులకు తిరుపతి నుంచి ఫోను.
లెక్కలు సరిపోయినాయి గానీ
పదిహేడో నంబరు కాయితం
పక్క కాయితానికి అతుక్కుపోయిందంట,
ఫైలుకు చీమలు పట్టినాయంట.
ఏం పూసినావమ్మా దానికి, అని అడిగినారు.