ఎడమ అంచు

నరసాపురం రేవుకెళ్ళే దారిలో
మా నాన్న రేడియోలు బాగుచేసే కొట్టు.
రేడియోలు రావడం మానేశాక
కాకినాడ నుంచి బూడిదరంగు పెట్టె ఒకటి తెచ్చాడు,
దానికి రెండు రిమోట్లు, ఒక పసుప్పచ్చ క్యాసెట్టు.
క్యాసెట్టు మీద తొమ్మిది లక్షల చిల్లర ఆటలని అచ్చేశారు.
వేసవి సెలవులన్నీ కూచుని లెక్కపెట్టాం:
పదకొండు.
మిగతావన్నీ ఆ పదకొండే,
పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ దిగేవి
అప్పులున్న ఊరికి తిరిగొచ్చిన నాటకం కంపెనీలా.

అరగంటకి రూపాయి.
అలారం గడియారానికి కీ ఇచ్చేది నేను.
అందుకే నా పేరు గడియారం.
సొంత పేరు బళ్ళో హాజరుకే పనికొచ్చేది.

ఆడేవాడొకడైతే నడిపేవాళ్ళు పదిమంది:
"ఎగురెహె! ఇప్పుడు కాదురా! అయిపోయావ్!"
ఆట మొరాయిస్తే నాన్న క్యాసెట్టు ఊడదీసి
నోటి దగ్గర పెట్టుకుని ఊదేవాడు
చంటిదాని కంట్లో నలుసు ఊదినట్టు.
ఊదితే ఏమీ కాదని ఆయనకీ తెలుసు.
అయినా పనిచేసేది.
ఎవడి కొడుకువని అడక్కుండా
అందరికీ మూడేసి ప్రాణాలిచ్చేది.

పోతురాజు వలల పేట నుంచి వచ్చేవాడు,
గోళ్ళకి ఎండిన పొలుసులు.
వాడు ఆడి లేచాక మీటలు బంకబంకగా, ఉప్పగా.
దూదితో తుడుస్తూ నాన్న గొణిగేవాడు గానీ
రావద్దని ఎప్పుడూ అనలేదు.
వాడి ఆట చూడ్డానికి రోడ్డు మీద సైకిళ్ళాగేవి.

వాడికి జోడీ దొరకనప్పుడు రెండో రిమోటు నాది.
ట్యాంకుల ఆటలో వాడు పసుపు, నేను ఆకుపచ్చ.
ఇటుకల మధ్య గద్దని కాపాడాలి.
నేను శత్రువుల్ని వదిలేసి వాణ్ణే కాల్చేదాన్ని,
కాసేపు కొయ్యబారి మినుకుమినుకుమనేవాడు.
తిట్టేవాడు కాదు.

ఒకసారి పరుగుల ఆటలో
నాణెం ఒకటి వదిలేసి ముందుకొచ్చేశాడు.
వెనక్కి నొక్కాడు.
తెర కదల్లేదు.
ఎడమ అంచుకి ఆనుకుని
ఆ బుల్లి మనిషి కాళ్ళాడిస్తూనే ఉన్నాడు
ఎక్కడికీ వెళ్ళకుండా.
"ఇదేం లోకమే గడియారం,
మా వశిష్ఠ నయం,
పోటొస్తే రోజుకి రెండుసార్లు వెనక్కెళ్తది" అన్నాడు.
అప్పుడే కరెంటు పోయింది.
కరెంటు పోతే మిగిలిన నిమిషాలు
అట్టపుస్తకంలో రాసేదాన్ని.
పోతురాజు, పన్నెండు.

ఆ కార్తీకంలో గాలివానకి కొట్టు రేకులు లేచిపోయాయి.
పెట్టెని మూడ్రోజులు ఎండబెట్టాం, వడియాల పక్కన.
టీవీ వెలిగింది. ఆటలు రాలేదు.
నాన్న ఊదాడు,
చాలాసేపు ఊదాడు.

ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో రాత్రి లెక్కలు నావి.
రొయ్యల లారీ వచ్చేలోపు
లోడింగు కుర్రాడు వెస్లీ ఫోను చేతిలో పెట్టాడు:
"పాత ఆటలక్కా, మీకు రావులే."
పదకొండూ ఉన్నాయి.
మూడో గొయ్యి ముందు ఒక్క క్షణం ఆగాలని
నాకు గుర్తులేదు. నా బొటనవేలు ఆగింది.
ఆ తర్వాతి గోతిలో పడ్డాను.
"ఈ బాణం నొక్కండి, వెనక్కెళ్తుంది"
నొక్కాను. పడ్డవాడు గాల్లోకి లేచొచ్చాడు,
పాట తోకనుంచి తలకి మోగింది.
రెండోసారి నొక్కబుద్ధి కాలేదు.
వశిష్ఠ వెనక్కొస్తే ఉప్పుతో వస్తుంది,
ఆ నీళ్ళు ఎవరూ చేలకి పెట్టరు.

వాణ్ణి ఎడమ అంచుకి తీసుకెళ్ళి
కాసేపు ఉత్తినే పరిగెత్తించాను.
లారీ హారను కొట్టేదాకా.

సఖినేటిపల్లి వెళ్ళే పంటు మీద
టికెట్లు చింపేది పోతురాజే.
సగం జుట్టు నెరిసింది.
ఇన్నేళ్ళలో గుర్తుపట్టినట్టు ఎప్పుడూ కనపడలేదు.
నిన్న నాకు చిల్లర ఇస్తూ
మొహమెత్తకుండా అన్నాడు,
"పన్నెండు నిమిషాలు."

పక్కన పాలబిందెలాయన
అవతలికి ఎంతసేపని అడిగాడేమో,
నేను వినలేదు.
నది పోటు మీదుంది.
పంటు ముక్కు కాస్త ఎగువకి తిప్పుకుని
ఏటవాలుగా వెళ్తోంది.