ఏడో నంబరు ట్యాంకు

మీకు బాగా ఇష్టమైన బీరేది మేడమ్
అని అడుగుతారు కౌంటరు ముందు కుర్రాళ్ళు.
జవాబు ఎప్పుడో వండి పెట్టుకున్నాను:
వానరోజు స్టౌట్,
ఎండరోజు గోధుమ బీరు,
జీతం రోజు బెల్జియంలో ఓడెక్కి వచ్చిన సీసా.
నవ్వుతారు. టిప్పు పెడతారు.
అది నిజం కాదు.

నిజం పొద్దున అయిదున్నరకి ఉంటుంది.
ఇందిరానగర్ ఇంకా షట్టర్లు ఎత్తదు.
రబ్బరు బూట్లలో నేను,
వేడినీళ్ళలో బార్లీ.
అప్పటికది బీరు కాదు,
బీరవుతానని మాటిచ్చిన తియ్యని జావ.
గరిటెడు తాగుతాను, ఎవరికీ చెప్పకుండా.
ఆబ్కారీ వాళ్ళకి దాని మీద పన్ను వెయ్యాలని
ఇంకా తోచలేదు.

ఆరింటికి మునిరత్నమ్మ వస్తుంది, హొసకోట నుంచి,
టాటా ఏస్‌లో నీలం డ్రమ్ములు వేసుకుని.
రసం దిగిపోయిన పిప్పి ఆమె ఆవులకి.
"ఏమ్మా, ఈపొద్దు గోదుమ కలిపినారా?
మొన్న నల్లది ఇస్తిరి, గౌరి మూతే పెట్టలా."
మాడ్చిన మాల్టు గౌరికి పడదు.
ఈ నగరంలో నా స్టౌట్‌ని
మొహమాటం లేకుండా విమర్శించింది
ఆ ఆవు ఒక్కతే.

శుక్రవారాలు చంద్రహాస్ గారు.
మేం కాచింది ముట్టరు, దిగుమతి సీసాలే.
జర్మనీది తాగి అక్కడి అడవుల గురించి,
ఐర్లండుది తాగి అక్కడి వాన గురించి,
చెక్ దేశంది తాగి
తన పాత మేనేజరు గురించి చెబుతారు.
లేబుల్ని గోటితో మెల్లగా ఊడదీసి
తడి ఆరేదాకా ఊది
చొక్కా జేబులో పెట్టుకుంటారు.
పాస్‌పోర్టు ఇంకా తీసుకోలేదట.

జ్యేష్ఠంలో, చిల్లర్ యంత్రం మొరాయించిన వారం,
ఏడో నంబరు ట్యాంకు పులిసిపోయింది.
వెయ్యి లీటర్లు.
ఏ రబ్బరు వాషరు సందులోంచి దూరిందో
పిలవని బాక్టీరియా,
ఈస్ట్ పెళ్ళిపందిట్లో
ముందు బంతిలోనే విస్తరేసుకు కూర్చుంది.
ఓనరు ఫోన్లో ఒకటే మాట: కాలవలోకి వదిలెయ్.
వాల్వు మీద చెయ్యేశాను.
అలవాటు కొద్దీ ఒక గ్లాసు పట్టాను.

మొదట పులుపు.
తర్వాత, నాలుక అంచుల్లో,
బొబ్బిలిలో ఒక వంటింటి మూల,
తడిగుడ్డ చుట్టిన కుండ.
తరవాణి.

మా పెద్దమ్మ సూరీడమ్మ మూత తీసి
ముక్కుతోనే చెప్పేది
ఎన్నాళ్ళ పులుపో,
నిన్న గంజి ఎవరు పోశారో కూడా.
నేను ఎమ్మెస్సీ చదివి
మైక్రోస్కోపు కింద వెతుక్కునేవాళ్ళని
ఆవిడ నాలుగు నిమ్మాకులతో
అదుపులో పెట్టేది.
క్లాసులో అమ్మాయి ఇంటికొస్తే
ఆ కుండని బియ్యం బస్తా వెనక్కి తోసింది
నేనే. ఎనిమిదో తరగతిలో.
ఆవిడ చూసింది. ఏమీ అనలేదు.
మర్నాడు కూడా నాకు అందులోంచే పెట్టింది.

ఆ రోజు శుక్రవారం.
ఏమీ చెప్పకుండా చంద్రహాస్ గారి ముందు పెట్టాను.
కళ్ళు మూసుకున్నారు.
"బ్రస్సెల్స్," అన్నారు. "పాత చెక్కపీపా. మూడేళ్ళు తక్కువ కాదు.
సీసా ఏదమ్మా, లేబుల్ కావాలి."

సీసా లేదు.
బిల్లు కాగితం వెనక బాల్‌పెన్నుతో రాసిచ్చాను:
సూరీడమ్మ, బొబ్బిలి.
తడి లేకపోయినా ఒకసారి ఊది
జేబులో పెట్టుకున్నారు.

తెల్లారి మిగతాది వదిలేశాను.
తొమ్మిదివందల తొంభై చిల్లర లీటర్లు
తెల్లటి నురగతో, గొణుక్కుంటూ,
గచ్చు మీదుగా కాలవలోకి.
డ్రమ్ము ఎత్తబోతున్న మునిరత్నమ్మ ఆగి
గాలి పీల్చింది.
"ఎవురింట్లోనో సద్ది పులిసిండాది కదమ్మా."

మా ఇంట్లోనే, అన్నాను.
పిప్పి ఇవాళ కాస్త ఎక్కువుంది, పట్టుకెళ్ళు.
గౌరికి చెప్పు,
నల్లది కలపలేదని.