వరుసలో తొమ్మిదోది

అమలాపురం డ్రైనేజీ సెక్షన్ ఆఫీసులో
కిటికీ పక్క బల్ల నాది.
శాసనసభ ప్రశ్న వచ్చిందంటే
ఇంజనీరుగారి చెప్పుల చప్పుడే మారిపోతుంది.
చుక్క గుర్తు ప్రశ్న. సాయంత్రంలోగా జవాబు.

అ. శివారు మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుని
చేలు మునిగిన మాట వాస్తవమేనా?
అవునండి.
ఆ. అయినచో, తీసుకున్న చర్యలేమి?
అంచనాలు పరిశీలనలో ఉన్నాయి.
ఇ. లేనిచో, కారణములేమి?
ప్రశ్న ఉత్పన్నం కాదు.

మా వైపు ఎవరినేమడిగినా
ఆయ్ అంటాం, అవునండి అంటాం.
ఈ మర్యాద సభ మా దగ్గర నేర్చిందో
మేమే సభ దగ్గర నేర్చామో.

ఉండ్రు భూషణం, రెండెకరాల కౌలుదారు,
నడుందాకా తడిసిన లుంగీతో వచ్చి
"మన ప్రశ్న ఎన్నోదండీ?" అన్నాడు.
రేపటి జాబితా తీసి చూపించాను.
వరుసలో తొమ్మిదోది.
రేషన్ షాపు ముందు మెడ చాచినట్టు
పై ఎనిమిదింటినీ చూశాడు.

నాకు తెలిసినంత చెప్పాను:
సలహా సంఘం ముందే కూర్చుని
ఎన్నాళ్ళు సభ, ఏ బిల్లు ఏ పూట,
ఏ పార్టీకి ఎన్ని నిమిషాలో పంచుతుంది.
ప్రశ్నలకి చీట్లు తీస్తారు.
పొద్దున్న మొదటి గంట వాటిది,
ఆ తర్వాత కాగితాలు, పద్దులు, బిల్లులు,
పొద్దు మిగిలితే మిగతావి.

"మా బోదె మీద వంతులేనండి.
ఎగువోళ్ళకి సోమారం, మాకు శనారం,
లస్కరు అప్పలస్వామి పుస్తకంలో రాసుంటది.
శనారం నీళ్ళు రాకపోతే
రాత్రి లాంతరట్టుకెళ్ళి తూము తలుపు ఎత్తుకుంటాం.
ఆ సభకి తూము ఎక్కడుంటదండీ?"

నా ఫైళ్ళలో ఆ నక్షా లేదు.

మర్నాడు ఆఫీసు టీవీ ముందు అందరం,
గుమ్మంలో భూషణం.
మొదట ఒక మాజీ సభ్యుడికి సంతాపం.
వాళ్ళు లేచి నిలబడ్డారు.
భూషణం కూడా తలగుడ్డ తీసి నిలబడ్డాడు.
ఆపైన వాయిదా తీర్మానం తిరస్కరించారని
పోడియం చుట్టూ కేకలు, చిరిగిన కాగితాలు.
సభ పది నిమిషాలు వాయిదా.
ఆ పది నలభై అయ్యింది.
తిరిగొచ్చి, రెండో ప్రశ్న సగంలో
సభాపతి గడియారం చూశారు:
"సమయం ముగిసింది. మిగిలిన జవాబులు
సభ ముందు ఉంచినట్టు భావించడమైనది."

"భావించడమంటే ఏంటండీ?"
ఇచ్చేసినట్టే అనుకోవడం, అన్నాను.
"అయితే మురుగు దిగిపోయినట్టే అనుకోవాలా?"
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

లుంగీ మడతలోంచి ఒక వెన్ను తీసి
టైపు కాగితాల పక్కన పెట్టాడు.
పదకొండు రోజులు నీళ్ళలో నానిన వెన్ను.
కోత పడకుండానే, కర్రనుండగానే,
గింజ గింజకీ తెల్లటి మొలక.

ప్రశ్న ఉత్పన్నం కాదని
నేనే కొట్టాను, మూడు ప్రతులు.
గింజ ఉత్పన్నమైంది.

అతను వెళ్ళాక
"అనుబంధం ఒకటి" అని పెన్సిల్‌తో రాసి
ఆ వెన్నుని ఫైలుకి దారంతో కుట్టాను.
వచ్చే సమావేశాలకి నంబరు మార్చుకుని
ఇదే ప్రశ్న మళ్ళీ వస్తుంది.
అప్పుడు ఎవరైనా ఫైలు తెరిస్తే కనబడుతుంది,
ఎలకలు ముందు తెరవకపోతే.