ఉప్పుకాగితం

గోడ పగలగొట్టినపుడు
నేను వంటింట్లో చేపలు కడుగుతాండా.
దబ్బుమని ఇటుకలు రాలినాక
దుమ్ములోంచి ఒంటికన్ను దీపం ఒకటి
నా పక్కే చూసింది.

ముప్పై యేండ్ల కిందట, మిలిటరీ దిగిన వారంలో
బాబా, బాబా తమ్ముడు, ఇద్దరే
రాత్రికి రాత్రి కట్టిన గోడంట అది.
లోపల రెండే సీట్ల డాట్సన్.
మిలిటరీకి కారు దొరకలేదు.
తమ్ముడు దొరికినాడు.

ఆ తర్వాత గోడ తీసే మనసు ఎవరికీ రాలేదు.
ఫహాహీల్ సముద్రం మాత్రం
ఇటుక సందుల్లోంచి వస్తా పోతా
ఇనుమును కొంచెం కొంచెం తినింది.

ఈ ఇంట్లో నన్ను రదీమా అంటారు.
రెడ్డెమ్మ వాళ్ల నోట్లో ఇమడదు.
పద్నాలుగేండ్లు వీళ్ల ఉప్పు తిన్నా.
ఉప్పు కూడా తింటాదని
ఇప్పుడు చూస్తాండా.

డోరు పట్టుకుంటే అప్పడం మాదిరి ఇరిగె.
తుక్కుకేయి బాబా, కొత్తది కొనిస్తామని
కొడుకులు నవ్విరి.
డెబ్బై ఆరేండ్ల మనిషి, వంగని మోకాలు.
వాళ్ల పక్క చూడకుండా నా పక్క తిరిగి
"నీ చెయ్యి చూపించు" అన్నాడు.

రాయచోటి గాజులాయన
పిల్లకాయ చెయ్యని ఎగతాళి చేసే చెయ్యి ఇది.
డాష్‌బోర్డు వెనకాల
ఏ మెకానిక్కు వేళ్లూ పట్టని సందులో
పదో నంబరు నట్టు ఒకటి
నాకోసమే బిగుసుకోని ఉండాది.

అప్పట్నుంచి అంట్లు తోమినాక కారు తోమడం.
ఉప్పుకాగితం ఎనభై నంబరు,
అది అయినాక నూట ఇరవై, ఆ మీద నాలుగొందలు.
డోరు అంచులో ఒకనాడు
బెత్తెడు పసుపురంగు బయటపడితే
పరీక్ష పాసైన పిల్లోడి మాదిరి
బాబా ఇంట్లో అందర్నీ పిలిచినాడు.
ఎవరూ రాలేదు. నేనే రెండుసార్లు చూసినా.

బంపరు మచ్చలకు డబ్బా మందు తెచ్చె. పోలేదు.
చింతపండు పిసికి, రాళ్లుప్పు కలిపి
దేవుని చెంబు తోమినట్టు తోమినా.
మెరుపులో నా మొగం, వంకరగా, వెడల్పుగా.
"షినూ హాదా?" అన్నాడు వాసన చూసి.
పులుసు అన్నా.
మిగిలింది ఆ పూట చేపల్లో పోసినా.

గోళ్లలో తుప్పుతో నా పిండి ముట్టొద్దని
మామా కేకలు.
గోరింటాకనుకో మామా అంటే
నవ్వు దాచుకోని లోపలికి పాయె.

పిల్లోళ్లు యాడ కూచుంటారు ఇందులో?
ఒకసారి అడిగినా.
"ఇది పిల్లోళ్ల కారు కాదు. అన్నదమ్ముల కారు."

సీటు పీకినపుడు
ఖర్జూరం గింజలు, ఎలక గూడు,
ఒంటి చెప్పు.
మొగోళ్లది, ఎడమ కాలిది.
ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.
గుడ్డతో తుడిచి, తోలుకు నూనె రాసి
సీటు బిగించే ముందర
మళ్లీ ఆడనే పెట్టినాడు.

ఈ శుక్రవారం బ్రేకుల్లో గాలి తీయాల.
ఒంటిగా అయ్యే పని కాదు.
పైన ఒకరు పెడలు తొక్కాల,
కింద ఒకరు నట్టు విప్పాల.
నేను పండుకుంటా బాబా అంటే వినలేదు.
అట్టపెట్టె పరిచి, మోకాలిని తిట్టుకుంటా
చక్రం పక్కన కిందికి జరిగినాడు.

ఈ ఇంటి కార్లలో ముందు సీటు
ఎట్లుంటాదో నాకు తెలీదు.
ఇప్పుడు స్టీరింగు ముందర, ఒట్టికాళ్లతో నేను.
నా కాళ్ల దిగువ నుంచి ఆయన గొంతు,
నేను నేర్పిన మాటలు:
"తొక్కు."
తొక్కినా.
"పట్టు."
పట్టినా.
"వొదులు."
సన్న గొట్టం గుండా లబన్ సీసాలోకి
బుడగ బుడగగా
గోడ వెనకాల ఉండిపోయిన గాలి.

ఎన్నోసారికో తెలీదు,
పెడలు కింద మెత్తదనం పోయి
ఏదో గట్టిగా నా పాదానికి ఎదురొచ్చె.
బాబా, చాలు, పట్టుకునింది అన్నా.

కింద కొంచేపు ఉలుకూ పలుకూ లేదు.
ఆ తర్వాత "ఇంకోసారి" అన్నాడు,
గొంతు సరిచేసుకోని.
సీసాలో బుడగలు ఎప్పుడో ఆగిపోయినాయి.
ఇంకోసారి, ఇంకోసారి.
తొక్కతానే ఉండా.